అరవై రెండో నంబరు

"ఇవాళ కూడా అరవై రెండు రాలేదమ్మా," అంది కూతురు, గుమ్మంలో చెప్పులు విప్పుతూ.

తల్లి అప్పుడే పని నుంచి వచ్చి గోడకి చేరగిలబడి కూర్చుంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమెది మడతల పని. పొద్దున్నుంచీ నిలబడి చేతులు చాచడం, ముడవడం, మళ్ళీ చాచడం. సాయంత్రానికి ఆ భుజాలు తనవో పరాయివో ఆమెకే తెలియదు. అయినా కూతురు బడి ఊసెత్తితే చాలు, ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటుంది. ఎందుకంటే హైస్కూల్లో చేరిన దగ్గర్నుంచి ఆ పిల్ల నోట్లోంచి వచ్చే కబురు ఇదొక్కటే.

"జ్వరం తగ్గలేదేమో," అంది తల్లి.

"పదకొండు రోజులు జ్వరమేంటి? ఇంకేదో అయ్యుంటుంది. కాలు విరిగిందేమో."

"విరిగితే కట్టు కడతారు. కట్టుతోనే వస్తుంది. నీకెందుకే అంత దిగులు?"

"దిగులు కాదు. వస్తే నా పక్కన చోటుంది కదా, అందుకని."

ఆ మాట అని పిల్ల పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుంది. తిరిగి వచ్చి, పుస్తకాలు ముందేసుకుని, తలెత్తకుండా రాస్తూ కూర్చుంది. ఏదో రాస్తోంది కదా అని తల్లి ఊరుకుంది.

హైస్కూల్లో పేర్లు పిలవరు, నంబర్లే పిలుస్తారు. ముప్పై దాకా మగపిల్లలు, ఆ తర్వాత ఆడపిల్లలు. మాస్టారు ఒకటితో మొదలుపెట్టి గుక్కతిప్పుకోకుండా చదువుకుంటూ పోతుంటే పిల్లలు లేచేదీ కూర్చునేదీ లేకుండా 'ఉన్నాను సార్' అంటుంటారట. చివరికి అరవై రెండు దగ్గర మాత్రం ఎవరూ పలకరట. మాస్టారు కలంతో ఒక గీత గీసి పుస్తకం మూసేస్తారట. ఇదంతా పిల్ల పూసగుచ్చినట్టు చెప్పింది. చిన్నబడి నుంచి కాగితాలు రావడం ఆలస్యమై తను వారం తర్వాత చేరింది కాబట్టి, తన పేరు ఇంకా పుస్తకంలోకి ఎక్కలేదని కూడా చెప్పింది. "ఎక్కిస్తారులే, కొత్తచోటు, పిలిచేదాకా నోరు మెదపకు," అని తల్లి బుద్ధి చెప్పి పంపింది.

చిన్నబడి సంగతి వేరు. రెండు వీధుల అవతల ఒక ఇంటి కింది వాటాలో నడిచే ప్రైవేటు బడి అది. తరగతికి తొమ్మిదిమంది. అక్కడ హాజరు పిలవడమనేదే లేదు. టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఒకసారి కళ్ళు తిప్పేది, అంతే. ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో ఆవిడకి తెలిసిపోయేది. జలుబు చేసిన పిల్లల ముక్కు కూడా ఆవిడే తుడిచేది. ఆ బడిని ఏరికోరి ఎంచుకున్నది తల్లే. పెద్ద గుంపులో పిల్ల కలిసిపోతే మళ్ళీ దొరకదేమోనని ఆమె భయం. చిన్నబడిలో ఎనిమిదో తరగతి లేదు. భయాన్ని ఏడేళ్ళు వాయిదా వేసిందే తప్ప పోగొట్టుకోలేదని ఆమెకి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

దుప్పటి మడత ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చెరో రెండు కొసలూ పట్టుకోవాలి, ఒక్క విదిలింపు విదిలించాలి, ఎదురెదురుగా నడిచి వచ్చి కొసలు చేతికి చెయ్యి అందించుకోవాలి, మళ్ళీ వెనక్కి నడవాలి. రోజుకి కొన్ని వందల సార్లు ఇదే నడక. తల్లికి జంట పెద్దక్క. పేరుకి తగ్గట్టే వయసులో లాండ్రీ మొత్తానికీ పెద్దదే, నోరు కూడా అంతే పెద్దది.

"నీ గాజుబొమ్మ ఎలా ఉంది?" అంది పెద్దక్క, ఎదురుగా నడిచి వస్తూ.

"బాగానే ఉంది. పోతోంది, వస్తోంది."

"పోయేదీ వచ్చేదీ కాదే నేనడిగేది. కలిసిందా నలుగురిలో?"

"ఇంకా లేదక్కా."

"ఎలా కలుస్తుంది? ఏడేళ్ళు దూదిలో చుట్టిపెట్టి ఇప్పుడు తీసుకెళ్ళి బజార్లో నిలబెట్టావు. నా ముగ్గురూ ఆ పెద్దబడిలోనే పడి లేచారు. మొదట్నుంచే తోసుకోవడం నేర్చుకున్నారు." పెద్దక్క కొసలు అందించి వెనక్కి తిరిగింది. "ప్రైవేటు బడి మోజు అనలేదూ నేను? నా మాట ఎవరు వింటారు."

తల్లి తర్వాతి దుప్పటి అందుకుంది. పెద్దక్క నోటికి అడ్డు పడితే మధ్యాహ్నం దాకా అదే పాట. పైగా ఆమె చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు, అదే బాధ.

తిండి గంట కొట్టాక ఫోను తీసి చూస్తే బడి నుంచి సందేశం ఉంది. తల్లి ఒకసారి చదివింది. అర్థం కాక పెద్దక్కకి ఇచ్చింది. పెద్దక్క కళ్ళకి దూరంగా పెట్టుకుని బిగ్గరగా చదివింది. "మీ అమ్మాయి పన్నెండు రోజులుగా బడికి హాజరు కావడం లేదు. మూడు రోజుల్లోగా వచ్చి కారణం తెలపని పక్షంలో పేరు తొలగించబడును."

"ఎవరికో పంపాల్సింది మనకి పంపారు," అంది తల్లి.

"కింద నీ పిల్ల పేరుందే, చూసుకో."

ఉంది. పొల్లుపోకుండా ఉంది. తల్లి తిండి డబ్బాకి మూత పెట్టేసింది. పెద్దక్క గొంతు తగ్గించి, తన రెండోవాడి కథ చెప్పింది. వాడు నెలరోజులు పొద్దున్నే సంచీ తగిలించుకుని బయల్దేరేవాడట. బస్సుల దగ్గర అరుగు మీద కూర్చుని, బడి వదిలే వేళకి తలదువ్వుకుని ఇంటికొచ్చేవాడట. పాఠం ఏం చెప్పారని అడిగితే టకటకా చెప్పేవాడట.

"అంత బాగా అబద్ధం చెప్పాడా?"

"అబద్ధం చెప్పే పిల్లలే కథలు బాగా చెప్తారు. నీ పిల్ల ఏం చెప్తుంది?"

తల్లి అరవై రెండు సంగతి చెప్పింది. పెద్దక్క పెదవి విరిచింది. "పేరు తెలీదు, ఊరు తెలీదు, రోజూ రాని పిల్ల గురించి రోజూ చెప్తుందా? రానిది ఎవరో నీకింకా తెలియలేదా?"

ఆ మధ్యాహ్నం తల్లి మడతలు కుదురుగా పడలేదు. కొసలు తప్పి దుప్పటి వంకరపోతే పెద్దక్క ఏమీ అనకుండా విప్పి మళ్ళీ పట్టుకుంది. తల్లికి ఒకటే ఆలోచన: పిల్ల రోజంతా ఎక్కడ కూర్చుంటోంది, ఏ అరుగు మీద, ఎవరి కళ్ళ ముందు.

సాయంత్రం పిల్ల చెప్పులు విప్పకముందే తల్లి అడిగింది. "బడికి వెళ్ళావా?"

"వెళ్ళానమ్మా."

"నిన్న?"

"నిన్నా వెళ్ళాను." పిల్ల ఒక కాలి చెప్పుతో అలాగే నిలబడిపోయింది. "ఏమైంది?"

తల్లి సందేశం చదివి వినిపించింది. పిల్ల తెల్లబోయింది. "నా పేరింకా ఎక్కలేదు కదా. అందుకని అయ్యుంటుంది."

"పేరే ఎక్కకపోతే నువ్వు రాలేదని ఎలా రాస్తారే?"

నిజానికి తల్లి ఆ ప్రశ్నని తనే ఇంకో నిమిషం పట్టుకుని ఉంటే సరిపోయేది. కానీ కోపం మీద ఉన్న మనిషికి నిమిషం ఎక్కడిది. పిల్ల భుజం మీంచి సంచీ లాగి నేల మీద గుమ్మరించింది. పాఠం నోట్సు ఒకటి తీసింది. తేదీలు వేసి ఉన్నాయి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. దాని కిందే ఇంకొకటి కనబడింది. అవే తేదీలు, అవే పాఠాలు, అవే బొమ్మలు, అక్షరం పొల్లుపోలేదు.

"రెండెందుకు?"

పిల్ల రెండో చెప్పు కూడా విప్పింది.

"ఎవరి పుస్తకం చూసి ఎక్కించావు? చెప్పు. బడికి వెళ్ళినదానివి ఒకటి రాసుకుంటావు. రెండెందుకు?"

"ఒకటి అరవై రెండుకి," అంది పిల్ల. "వచ్చాక అన్ని పాఠాలు ఒక్కసారి రాసుకోలేదు కదా."

"ఎవరే ఆ పిల్ల? ఇల్లెక్కడ?"

"తెలీదు."

"తెలీని పిల్లకి చేతులు పడిపోయేలా రాస్తున్నావా? నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?" తల్లి చెయ్యి ఎత్తింది. కొట్టలేదు. కానీ ఎత్తిన చేతిని పిల్ల చూసింది, చూసిందని తల్లికీ తెలిసింది. చెయ్యి దించి, ఆ దించిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది. గొంతు తగ్గించి అడిగింది. "సరే. నీ తరగతిలో ఒక్క పిల్ల పేరు చెప్పు. ఒక్కటి చాలు. రేపు వెళ్ళి ఆ పిల్లని అడుగుతాను, మా అమ్మాయి రోజూ వస్తోందా అని. చెప్పిందంటే నిన్ను పల్లెత్తు మాట అనను."

పిల్ల చాలాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నుదురు ముడిపడింది. తరగతిలో బల్ల బల్లా వెతుకుతున్నట్టు కళ్ళు కదిలాయి.

"ఎవరూ చెప్పలేరమ్మా," అంది చివరికి. "నన్నెవరూ చూడరు."

తల్లి ఆ మాటని కూడా అబద్ధం కిందే జమకట్టింది. తర్వాత రోజుల్లో ఆమెని ఎక్కువగా కోసింది ఆ సంగతే.

భర్తకి ఫోను చేసింది. ఆయన లారీ మీద ఎక్కడో దారిలో ఉన్నాడు. మాట అంది అందక, "పొద్దున్న నువ్వే వెళ్ళి చూడు, పిల్లని ఏమీ అనకు," అన్నంతవరకు వినబడింది. అనాల్సినవన్నీ అప్పటికే అనేసింది కాబట్టి తల్లి ఊరుకుంది.

పొద్దున్న పిల్ల బయల్దేరాక తల్లి తలుపు వేసి, ఒక వీధి దూరం వదిలి వెనకే నడిచింది. కూతురు వెనక దొంగలా నడవాల్సి వచ్చినందుకు ఆమెకి సిగ్గుగా ఉంది. పిల్ల గోడ వారగా నడిచింది. గుంపులుగా వెళ్తున్న పిల్లలు ఎదురైతే పక్కకి ఒదిగి, వాళ్ళు దాటాక మళ్ళీ కదిలింది. బస్సుల దగ్గర ఆగలేదు. అరుగుల వైపు చూడలేదు. తిన్నగా వెళ్ళి బడి గేట్లో దూరింది.

తల్లి గేటు బయట ఆగింది. వెళ్ళిపోవచ్చు, పని వేళయింది. కానీ సందేశం ఫోన్లో అలాగే ఉంది. కాపలాదారుకి ఫోను చూపించి లోపలికి వెళ్ళింది. వరండాలో అడిగి అడిగి, ఎనిమిదో తరగతి గది బయట, తలుపు పక్కన నిలబడింది.

గది నిండా పిల్లలు. బల్లకి నలుగురు, కొన్నింటి మీద ఐదుగురు. కూతురు కోసం వెతకాల్సి వచ్చింది. కన్నతల్లి కళ్ళకే దొరకడానికి కాసేపు పట్టింది. ఆఖరి వరసలో, కిటికీ మూల, ఇద్దరు పట్టే పొట్టి బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. తన పక్కనే సంచీ పెట్టి చోటు ఆపింది.

లెక్కల మాస్టారు హాజరు మొదలుపెట్టారు. తల వంచుకునే చదువుతున్నారు, కలం గీతల వెంట పోతోంది. నంబర్లు గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకి ఎగిరెగిరి పడుతున్నాయి. యాభై ఎనిమిది, ఉన్నాను సార్. యాభై తొమ్మిది, ఉన్నాను సార్. అరవై. అరవై ఒకటి.

"అరవై రెండు," అన్నారు మాస్టారు.

ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దంలో ఆఖరి వరస నుంచి కూతురు తలెత్తి గుమ్మం వైపు చూసింది. ఇవాళైనా వచ్చిందేమోనని చూసింది. ఆ చూపులో ఉన్న ఆశని తల్లి ఇంట్లో ఏనాడూ చూడలేదు. గుమ్మం పక్కన తల్లి కనబడగానే ఆ ఆశ కాస్తా బెరుకుగా మారిపోయింది.

"ఎవరమ్మా?" అన్నారు మాస్టారు, కళ్ళజోడు పైనుంచి.

తల్లి లోపలికి వచ్చి ఫోను చూపించింది. మాస్టారు సందేశం చదివి, పుస్తకం తిప్పి, వేలు పైనుంచి కిందికి జార్చుకుంటూ వెళ్ళి అట్టడుగున ఆపారు. అక్కడ కూతురి పేరు శుభ్రంగా రాసి ఉంది. తను, భర్త తర్జనభర్జన పడి పెట్టి, ఇంట్లో ఒక్కనాడూ పిలవని పేరు. దాని ముందు అరవై రెండు అని నంబరు. పేరు పక్కన వరసగా గీతలు, ఇవాళ్టిది ఇంకా తడి ఆరలేదు.

"మీ అమ్మాయి రావడం లేదమ్మా. ఆరోగ్యం బాగా లేదా?"

"వచ్చింది సార్. అదిగో."

తల్లి చూపించినవైపు మాస్టారు చూశారు. అరవై తలలు కూడా అటే తిరిగాయి. పిల్ల లేచి నిలబడింది.

"ఏమ్మా, నువ్వేనా అరవై రెండు?"

"కాదు సార్," అంది పిల్ల. "అరవై రెండు ఇవాళ కూడా రాలేదు."

గదంతా గొల్లుమంది. మాస్టారు బల్ల మీద చరిచారు. నవ్వు ఆగాక, పుస్తకంలోంచి పేరు పైకి చదివారు. అది విని పిల్ల అలాగే నిలబడింది. ముందు మాస్టారి వైపు, తర్వాత తల్లి వైపు, ఆ తర్వాత పక్కన ఆపి ఉంచిన ఖాళీ వైపు చూసింది. దాని ముఖంలో ఒక్కో సంగతే తెలిసివస్తుంటే తల్లి అది చూడలేకపోయింది. తెలియని ఊళ్ళో దారి అడిగితే ఎవరో చెప్పినంత తేలిగ్గా చెప్పేశారు మాస్టారు, "నువ్వేనమ్మా అరవై రెండు" అని.

ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన గొడవ ఆయనది. "నంబర్లు మొదటి వారంలోనే చెప్పానమ్మా. ఎవరిది వాళ్ళే గుర్తు పెట్టుకోవాలి. ఇంతమందిలో ఒక్కొక్కరి మొహం చూస్తూ కూర్చుంటే పాఠం ఎప్పుడు చెప్పేది?" అన్నారు. "ఇవాళ్టిది దిద్దుతాను. వెనకవి పన్నెండు దిద్దాలంటే ఆధారం కావాలి, పైవాళ్ళు నన్నడుగుతారు." తరగతి వైపు తిరిగి అడిగారు. "ఈ అమ్మాయి రోజూ వస్తోందా?"

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తల్లికి నిన్నటి మాట చెవుల్లో పడింది. తనేమో ఒక్క పేరు చెప్పమని నిలదీసింది. ఇక్కడ అరవై మంది ఉండి కూడా ఒక్కరు నోరు తెరవడం లేదు. అప్పుడు మూడో వరసలో రెండు జడల పిల్ల ఒకతె సగం లేచింది.

"వస్తోంది సార్. నేను తన పక్కన కూర్చుంటానంటే కూర్చోనివ్వలేదు. ఎవరో వస్తారని చెప్పింది."

"ఎవరు?"

"తెలీదు సార్. రెండుసార్లు అడిగాను. తర్వాత ఊరుకున్నాను."

మాస్టారు నోట్సు తెమ్మన్నారు. పిల్ల రెండూ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన తేదీలు సరిచూసుకుంటూ ఒకటి తిరగేశారు, రెండోది తిరగేశారు. "రెండెందుకమ్మా?"

పిల్ల తల వంచుకుంది. జవాబు తల్లి చెప్పాల్సి వచ్చింది.

"ఒకటి రాని పిల్లకి సార్," అంది. నిన్న తను నమ్మని మాటని ఇవాళ తన నోటితోనే చెప్పింది.

మాస్టారు రెండు నోట్సులూ పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత ఎర్ర కలం తీసి, ఒక్కొక్క గీతనీ దిద్ది, పక్కన సంతకం పెట్టారు. పదమూడు సంతకాలు. అయ్యాక తలెత్తి, ఈసారి పిల్ల మొహం చూస్తూ పిలిచారు. "అరవై రెండు."

"ఉన్నాను సార్."

"వినబడలేదు."

"ఉన్నాను సార్," అంది పిల్ల మళ్ళీ. అంతకంటే గట్టిగా ఆ గొంతుకి రాలేదు.

లాండ్రీకి వెళ్ళేసరికి పెద్దక్క ఒంటరిగా దుప్పటి అంచు గడ్డం కింద నొక్కిపట్టి మడుస్తోంది. తల్లిని చూడగానే అంచు వదిలేసి, కొసలు అందించింది. జరిగిందంతా విని నవ్వింది. "తన కోసం తనే ఎదురుచూసిందా? ఇలాంటిది నేనెక్కడా వినలేదే. పోనీలే, అబద్ధమాడలేదు, అదే పదివేలు." తల్లి నవ్వలేదు. పెద్దక్క ఎదురుగా వచ్చినప్పుడు ఆమె కళ్ళు చూసి నవ్వు ఆపేసింది. "నిన్న నేను మా వాడి కథ చెప్పకుండా ఉండాల్సిందే," అంది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఇద్దరూ కొసలు పట్టుకుని నడిచారు.

ఆ సాయంత్రం తల్లి త్వరగా ఇల్లు చేరింది. పిల్ల అప్పటికే వచ్చి చాప మీద కూర్చుని ఉంది. రాయడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. తల్లి ఎదురుగా కూర్చుంది.

"నిన్న నిన్ను నమ్మలేదు. చెయ్యెత్తాను. తప్పు నాదే."

"పోన్లేమ్మా. నాకే తెలీలేదు, నీకెలా తెలుస్తుంది?"

"పేరు తీసేస్తామన్నారు కదా, ఇంక తియ్యరు. మాస్టారు అంతా దిద్దేశారు. రేపట్నుంచి నంబరు పిలవగానే పలుకు. గట్టిగా పలుకు."

"పలుకుతాను."

"ఆ రెండు జడల పిల్ల మంచిదిలా ఉంది. నీ పక్కన కూర్చుంటానందట కదా."

"అప్పుడంది. ఇవాళ అడిగాను. ఆ అమ్మాయికి ముందు బల్లలో చోటు కుదిరిందట."

"ఇంకొకరెవరైనా కూర్చుంటారు. టైము పడుతుంది."

పిల్ల తలూపింది. చిన్నబడిలో అయితే టీచరమ్మకి ఒక మాట చెప్తే చేతులు పట్టుకుని ఇద్దరు పిల్లల్ని కలిపేసేది. ఇక్కడ ఎవరికి చెప్పాలి. లేచి దీపం వేసింది. గిన్నెలు సర్దబోయి, అక్కర్లేదని మళ్ళీ వచ్చి కూర్చుంది.

"అమ్మా," అంది పిల్ల.

"ఊఁ."

"నిజంగా అరవై రెండు అని ఇంకెవరూ లేరా?"

"నువ్వున్నావుగా తల్లీ."

పిల్ల సంచీలోంచి రెండో నోట్సు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను కాకుండా," అంది.